రాజకుమారి కొలతల పుస్తకం

మా కాలనీలో ఇంటర్నెట్ లైను చూసే అంజితో వాదించి గెలిచిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆమె మా ఎదురు క్వార్టర్‌లో ఉండే రాజకుమారి.

అంజి సంగతి గోదావరిఖనిలో అందరికీ తెలుసు. ఎవరి ఇంటికి పోయినా బండి దిగకుండానే "లైను మంచిగనే ఉన్నది, మీ డబ్బనే ఖరాబైంది" అంటాడు. ఆ రోజూ అదే అన్నాడు. నేను మా గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. మొదటి నుంచి చివరి దాకా నా కళ్లతో చూసిందే రాస్తున్నాను.

"అక్కా, వందకు వంద స్పీడొస్తంది, ఇగో సూడు" అని ఫోను తీసి ఆమె ముఖం ముందు పెట్టాడు.

రాజకుమారి ఆ ఫోను వైపు చూడనేలేదు. లోపలికి పోయి పొడుగు నోటుపుస్తకం ఒకటి తెచ్చింది.

"స్పీడు నేనడిగిన్నా?"

"మరేం గావాలె?"

"ఇక్కడికెళ్లి పోయింది తిరిగొచ్చేటందుకు ఎంతసేపు పడ్తంది, నూరు పంపితె ఎన్ని తొవ్వల పడిపోతున్నయి, అదడిగిన. నేను డ్యూటీల ఉన్నప్పుడు గూడ కంప్యూటరే కొలుస్తది, వారం రోజులు రాసిన. ఇను. సోమవారం పదింటికి నూటికి ఒకటి. ఒంటిగంటకు సున్న. మూడింటికి వాన పడ్డది. మూడుంబావుకు నూటికి పదకొండు. మంగళవారం వాన లేదు, పొద్దంత సున్న. బుధవారం మల్ల వాన, మల్ల తొమ్మిది. ఇప్పుడు చెప్పు అంజీ, ఇంట్ల ఉన్న నా డబ్బ వానల తడుస్తదా?"

"నువ్వు పుస్తకంల రాసుకుంటె అయిపోతదా అక్కా? మా ఆఫీసోళ్లు ఒప్పుకోవద్దా?"

నా నోరు ఊరుకోదు. "ఏమిరా అంజీ, నల్లా లావుగ వస్తందని మురుస్తున్నవు. నడుమ నడుమ ఆగితే బిందె నిండుతదారా?" అన్నాను.

"నువ్వూకో లస్మవ్వా, గియ్యన్ని నీకేం తెల్సు?"

"ఆమెకు తెల్వది" అంది రాజకుమారి. "నీకు నిచ్చెన ఎక్కుడు తెల్సు గద. ఎక్కు."

గొంతు పెంచలేదు. కోపం కూడా లేదు. కూరగాయల బేరంలో కూడా దీనికంటే ఎక్కువ పౌరుషం ఉంటుంది. ఏ గంటకు ఎంత అన్నది మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. శుక్రవారం దాకా వచ్చేసరికి అంజి నిచ్చెన వేశాడు. స్తంభం మీద వైరు అతుకుకు ఉత్త నల్ల టేపు చుట్టి ఉంది. అది విప్పితే నీళ్లు కారాయి. తడి టేపు చేతిలో పట్టుకుని దిగి, నా వైపూ చూడలేదు, ఆమె వైపూ చూడలేదు.

"రేపొచ్చి కొత్త వైరు గుంజుత."

"ఇయ్యాల" అంది. ఆ రోజే గుంజాడు.

అంజి మీద గెలిచిందని నేను సంబరపడి చాయ్ పెట్టి తీసుకుపోయాను. గ్లాసు ఖాళీ చేసింది. తరువాత నా గ్లాసు నోట్లో పెట్టుకుంటే తెలిసింది, చక్కెర వేయడం మరిచాను. ఆమె ఏమీ అనలేదు. మర్యాదకు ఊరుకుందని మీరనుకుంటారు. కాదు, ఆమెకు తెలియనే లేదు.

అప్పటికి ఆమె భర్త భూపాల్ పోయి పది నెలలు.

భూపాల్ బొగ్గు బాయిలో, అంటే గనిలో, బెల్టు ఆపరేటర్. తవ్విన బొగ్గు బెల్టు మీద పైకి వస్తుంటే, ఆ బెల్టు ఆగకుండా చూసే పని. ఒకరోజు మొదటి షిఫ్టు దిగి షేర్ ఆటోలో వస్తూ తల నొస్తుందన్నాడు. పక్కన కూర్చున్న మనిషి భుజం మీద వాలాడు. దవాఖానకు పోయేసరికి అయిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ముప్పై ఎనిమిదేళ్లు. రాజకుమారి ఏడవలేదు. ఆడవాళ్లు చెవులు కొరుక్కుంటుంటే నేనే కసిరాను. భర్త ఉద్యోగానికి బదులుగా ఆమెకు ల్యాంప్ రూమ్‌లో పని ఇచ్చారు. బాయి దిగే వాళ్లకు తల దీపాలు ఇవ్వడం, ఎక్కిన వాళ్ల దగ్గర తీసుకోవడం, బిళ్లల బోర్డు చూసుకోవడం.

ఆ బిళ్లల సంగతి చెప్పాలి. మా బాయి మీద ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఉంటాయి. దిగేటప్పుడు బోర్డు మేకుకు తగిలిస్తాడు, ఎక్కాక తీసుకుని జేబులో వేసుకుంటాడు. షిఫ్టు అయ్యాక బోర్డు మీద ఒక్క బిళ్ల మిగిలినా, ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. ఎవరి బిళ్లను వాళ్లే తగిలించాలి, వాళ్లే తీయాలి. ఇంకొకరు ముట్టుకోరు.

మా ఆయన గట్టయ్య కోల్ ఫిల్లర్, బొగ్గు నింపే పని. షిఫ్టులోనే రొమ్ములో నొప్పి వచ్చి, పైకి తెచ్చేలోపే పోయాడు. నాలుగు వందల పదిహేడో నంబరు బిళ్ల బోర్డు మీదే ఉండిపోయింది. వచ్చి తీసుకొమ్మన్నారు. మూడు రోజులు వరసగా పోయి, బోర్డు ముందు నిలబడి, తిరిగి వచ్చాను. చెయ్యి లేవలేదు. నాలుగో రోజు మా పక్కింటి సారవ్వ నాతో వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా తీసి నా కొంగులో వేసింది. ఆ బిళ్ల ఇప్పటికీ నా దగ్గర ఉంది. సారవ్వే లేదు.

ఇక ఆ లైను దేనికో చెప్పాలి. భూపాల్‌కూ అతని షిఫ్టు దోస్తులకూ ఒక ఆట పిచ్చి ఉండేది. ఆ ఆటలో నేల, రాయి, చెట్టు అన్నీ సబ్బు బిళ్లల్లా నలుచదరంగా ఉంటాయి. తవ్వొచ్చు, తవ్వినదాంతో కట్టొచ్చు. ఒక్కొక్కరికి ఒక బొమ్మ ఉంటుంది. మూడింటికి షిఫ్టు దిగి, స్నానం చేసి, నాలుగింటికి అందరూ ఎవరింట్లో వాళ్లు కూర్చుని అందులో కలిసేవాళ్లు. ఒకసారి నేను తొంగి చూస్తే బొగ్గు తవ్వుతున్నారు.

"పొద్దంత బొగ్గు తవ్వొచ్చి మల్ల ఆటల గూడ బొగ్గేనా? ఓటీ ఏమన్న ఇస్తున్నరారా దాంట్ల?" అన్నాను.

"దీంట్ల తిట్టెటందుకు ఓవర్‌మెన్ లేడు గదవ్వా" అన్నాడు భూపాల్.

ఏళ్ల తరబడి అందులో మా కాలనీ మొత్తం కట్టారు. క్వార్టర్లు, క్యాంటీన్, బస్టాండు, ల్యాంప్ రూమ్. నా గుమ్మం కూడా ఉంది. గుమ్మంలో ఒక ముసలి బొమ్మను పెట్టి దానికి చేటంత నోరు పెట్టారు. భూపాల్ మాత్రం బెల్టు కట్టాడు. భూమి లోపలి నుంచి బొగ్గు పోసే బంకర్ దాకా మూడు మలుపుల బెల్టు, బొగ్గు దానంతట అదే పైకి వస్తుంది. తరువాత బదిలీలయ్యాయి. కొందరు శ్రీరాంపూర్, కొందరు నస్పూర్. ఎక్కడ ఉన్నా నాలుగింటికి భూపాల్ కాక పద్నాలుగు మంది ఇక్కడే కలిసేవాళ్లు. ఇక్కడే అంటే రాజకుమారి ముందు గదిలోని నల్ల డబ్బాలో. దాన్ని సర్వర్ అంటారు. ఆట అంతా ఆ డబ్బాలో నడుస్తుంది, వాళ్ల ఫోన్లు, కంప్యూటర్లు దాన్ని చూపిస్తాయి, అంతే. డబ్బా ఆగితే ఊరే ఆగుతుంది. భూపాల్ కట్టే పని చూసుకున్నాడు, డబ్బా పని మొదటి నుంచీ రాజకుమారిదే. ఆమె కంప్యూటర్ చదువు చదివిన మనిషి.

పోయిన రోజు పొద్దున భూపాల్ తన ల్యాప్‌టాప్ తెరిచి, బెల్టు రెండో మలుపు దగ్గర తన బొమ్మను నిలబెట్టి డ్యూటీకి పోయాడు. ఆ ల్యాప్‌టాప్ మూత మూయలేదు. గూట్లో అలాగే ఉంది, వైరు పెట్టి. మూస్తే అతని బొమ్మ ఆటలోంచి బయటికి వచ్చేస్తుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. డబ్బాను ఆపి మళ్లీ వేసినప్పుడల్లా రాజకుమారి ముందు ఆ బొమ్మను లోపలికి పంపి, తరువాతే మిగతా వాళ్లకు తలుపు తెరుస్తుంది. ఆటవాళ్లు బెల్టు దగ్గరికి వచ్చినప్పుడు అతని పక్కన ఒక దివిటీ పెట్టి పోతారు. దాని గురించి ఎవరూ మాట్లాడరు. నేనూ మాట్లాడలేదు, నాకది ఎంత కష్టమో మీకు తెలియదు.

అంజి కొత్త వైరు గుంజాక ఆట బాగుపడుతుందనుకున్నారు. పడలేదు. నాలుగింటికి స్పీకర్లో రఘుపతి గొంతు వచ్చింది. రఘుపతి శ్రీరాంపూర్‌లో ఉంటాడు, ఆ పద్నాలుగు మందికీ పెద్దలాంటి వాడు.

"వదినె, లైను మంచిగనే ఉన్నదిప్పుడు. గని బురదల నడిచినట్టే ఉన్నది. పార ఏస్తె, నేను చాయ్ తాగి వచ్చినంక పెళ్ల ఊడుతంది."

"సూస్తున్న రఘుపతీ."

"చెప్పుడెట్లనో తెలుస్తలేదు వదినె. హైదరాబాద్ల పెద్ద సర్వర్ ఒకటున్నదట. పోరగాళ్లందరు ఆడికే పోదామంటున్నరు. నేనే ఆపుతున్న. ఒకటో తారీఖు దాక సూద్దామని చెప్పిన."

"ఒకటో తారీఖు" అంది రాజకుమారి. స్పీకర్ ఆపాక నన్ను చూసి, "వాళ్లు పోతె ఇదంత ఉత్తగ పడి ఉంటదవ్వా. ఆయన కట్టింది నడిచేటందుకు ఒక్క మనిషి ఉండడు" అంది. అప్పటికి ఒకటో తారీఖుకు ఇరవై రెండు రోజులు ఉన్నాయి.

మర్నాటి నుంచి పుస్తకంలో కొత్త పేజీ. అయిదు గడులు గీసింది. గంట ఎంత, లోపల మనుషులు ఎందరు, డబ్బా వేడి ఎంత, ఒక నెట్టుకు ఎంతసేపు, ఏం మార్చింది. ఆ నాలుగో గడి ఏమిటని అడిగితే చెప్పింది. డబ్బా ఆటను సెకనుకు ఇరవైసార్లు ముందుకు నెట్టాలి. సెకనును వెయ్యి ముక్కలు చేస్తే, ఒక్కో నెట్టుకు యాభై ముక్కల టైము ఉంటుంది. యాభై లోపల ముగిస్తే ఎవరికీ ఏమీ తెలియదు. దాటితే అందరి కాళ్లకూ బురదే. ఆ రోజు పద్నాలుగు మంది ఉండగా నూట నాలుగు వచ్చింది.

నేను నాలుగో తరగతి చదివాను. అయినా మా ఆయన హాజరు మస్టర్లలో ఒక్కటి తగ్గినా ఆఫీసుకు పోయి పట్టుకున్నది నేనే. అంకెలు నన్ను మోసం చేయలేవు. కాబట్టి రోజూ పోయి ఆ పుస్తకం చూసేదాన్ని.

మొదట డబ్బా విప్పింది. గోదావరిఖనిలో పెరుగు మీద మీగడ కంటే ముందు మసి కడుతుంది. ఆ ఫ్యాను రెక్కలకు కాటుకంత మందాన పట్టి ఉంది. పెయింట్ బ్రష్షుతో రెండు గంటలు దులిపింది. వేడి తొంభై ఒకటి నుంచి డెబ్బై నాలుగుకు దిగింది. నాలుగో గడిలో తొంభై ఆరు.

"అన్ని ఒక్కసారే మార్చి పారెయ్యరాదే" అన్నాను.

"రెండు మారిస్తె ఏది పనిచేసిందో తెల్వదవ్వా. ఒక్కసారి ఒక్కటే. కొలవాలె, మార్చాలె, మల్ల కొలవాలె."

తరువాత రఘుపతి కోళ్లు. ఆ మహానుభావుడు ఆటలో నాలుగు వందల కోళ్లను పెంచుతున్నాడు. ఒక్కో కోడి ఎటు నడవాలో, ఎప్పుడు గుడ్డు పెట్టాలో ఆ డబ్బానే ఆలోచించాలట.

"వదినె, పిల్లలప్పటి సంది సాదుకున్న!" అని స్పీకర్లో మొత్తుకున్నాడు.

"ఇరవై ఉంచుకో రఘుపతీ. తక్కినయి కోసుకో."

"అంత కూర ఎవలు తింటరు వదినె?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాజకుమారి పుస్తకంలో ఎనభై ఎనిమిది అని రాసింది.

తరువాత ఆటలో కంటికి కనిపించే దూరం తగ్గించింది. ఎనభై ఒకటి. అక్కడ ఆగిపోయింది. వారం రోజులు ఏది మార్చినా ఒకటి అటు, ఒకటి ఇటు. పొద్దున డ్యూటీకి పోయేది, మూడుంబావుకు వచ్చేది, కూర్చునేది. నేను తినమంటే తినేది, వద్దంటే లేచేది. తల దువ్వుకున్నావా అని అడిగితే తడిమి చూసుకునేది. మనిషి బతకడానికి ఏమేం చేయాలో అవన్నీ చేసేది. నాకు ఆమెను చూస్తే షిఫ్టు లేని రోజు బాయి గుర్తొచ్చేది. అన్నీ ఉన్నచోటే ఉంటాయి, చప్పుడు ఉండదు.

ఒక ఆదివారం ఆమెకు సెలవు. పొద్దున పదకొండింటికి గంజులో సర్వపిండి చేసి, గిన్నెతోనే వేడివేడిగా తీసుకుపోయాను. తెర ముందు కూర్చుని ఉంది.

"సమజైతలేదవ్వా" అంది. "మనుషులుంటె భారమయితది, ఒప్పుకుంట. ఎవ్వలు లేనప్పుడు పదో పన్నెండో ఉండాలె. అరవై ఒకటొస్తంది. ఉత్త ఊరికి గంత పనేంది?"

తెర వైపు చూశాను. మూలకు ఒక వరుస. లోపల ఉన్నవాళ్లు: 1. పుస్తకం వైపు చూశాను. రెండో గడిలో సున్న. పై పేజీ తిప్పాను. పద్నాలుగు మంది ఆడిన రోజు పద్నాలుగనే ఉంది, పదిహేను లేదు. ఎవరూ ఆడని పూటల్లో అన్నీ సున్నలే. గుండ్రంగా, ఒకే సైజులో, పేజీ వెనుక పేజీ.

ల్యాంప్ రూమ్‌లో రోజుకు మూడు వందల బిళ్లలు లెక్కపెట్టే మనిషి. ఈ తప్పు అక్కడ చేస్తే బాయి అంతా వెతికిస్తారు.

సారవ్వ అయితే నోరు మూసుకునేది. నేను సారవ్వను కాను.

"ఎవ్వలు లేరంటవేందే? నీ మొగడున్నడు గద లోపట" అన్నాను.

రాజకుమారి తెర వైపు చూసింది. పుస్తకం వైపు చూసింది. గూట్లో ఉన్న ల్యాప్‌టాప్ వైపు మాత్రం చూడలేదు. పెన్నుకు మూత పెట్టి పుస్తకం మీద పెట్టింది. సర్వపిండి ముక్క విరిచి నోట్లో పెట్టుకుంది. చల్లబడేదాకా ఆ ముక్క నమిలింది. గంజు తీసుకుని వచ్చేశాను.

తరువాత మూడు రోజులు నేను పోలేదు, ఆమె రాలేదు. ఎదురు తలుపే, అయినా పోలేదు. నాలుగింటికి స్పీకర్లో గొంతులు మాత్రం వినిపించేవి, రోజురోజుకు తక్కువగా. తొమ్మిది మంది, తరువాత ఏడుగురు. నేను కూడా లెక్కపెడుతున్నానని అప్పుడే తెలిసింది.

నెలాఖరు రోజు మూడుంబావుకు వచ్చింది. ల్యాంప్ రూమ్ చొక్కా ఇంకా మార్చలేదు. చంకలో పుస్తకం. మా గుమ్మంలో నా పక్కన కూర్చుంది.

"కొలిసిన" అంది. "ఆ ఊరికి నకలు తీసి, ఇసొంటి డబ్బనే ఇంకొకటుంటె దాంట్ల పెట్టిన. దాంట్ల ఆయన లేడు. తొమ్మిదొచ్చింది."

"అరవై ఒకటికి తొమ్మిదా?"

"తొమ్మిది. ఆడేటోళ్ల లెక్కకు పద్నాలుగు ఉత్త బొమ్మలను దింపి ఉరికిచ్చిన. ముప్పై నాలుగు. యాభై దాటలే. మూడు రోజులు, రోజుకు పదిసార్లు కొలిసిన. అంతే వస్తంది."

ఎందుకో కూడా చెప్పింది. ఎవరి బొమ్మ ఎక్కడ నిలబడితే దాని చుట్టూ ఉన్న చోటంతా డబ్బా మేల్కొలిపి ఉంచాలి. మనిషి లేనిచోటు నిద్రపోతుంది. భూపాల్ నిలబడిన చోటు పదకొండు నెలలుగా నిద్రపోలేదు. మూడు మలుపుల బెల్టు తిరుగుతూనే ఉంది. ఖాళీ చేసేవాడు లేక బంకర్ నిండిపోయింది, బొగ్గు పొర్లుతూనే ఉంది. ఒక్కొక్క పెళ్ల ఎటు దొర్లాలో ఆ డబ్బా సెకనుకు ఇరవైసార్లు లెక్కవేస్తూనే ఉంది.

"బయటికెందుకే? జెర పక్కకు జరుపరాదూ?" అన్నాను. "ఏం లేని జాగల నిలబెట్టు."

"అది గూడ అనుకున్న. మైదానం ఉన్నది, ఇసుక. ఆడ నిలబెడితె పదమూడే." పుస్తకం చంకలోంచి ఒడిలోకి తీసుకుంది. "ఒక్కన్ని ఇసుకల నిలబెట్టాల్నా అవ్వా? ఆయన నిలబడింది బెల్టు కాడ."

వీధిలో మొదటి షిఫ్టు దిగిన వాళ్ల బండ్లు వరసగా పోతున్నాయి. ఆమె ముఖంలో ఏమీ లేదు. నా ముఖంలో కూడా ఏమీ ఉండి ఉండదు. గట్టయ్య పోయిన ఏడు నేనూ ఇలాగే ఉన్నానని సారవ్వ అనేది, నాకు ఆ ఏడు ఒక్క రోజూ గుర్తు లేదు.

"రఘుపతికి చెప్పినవా?"

"నాలుగింటికి అందరిని రమ్మన్న. ఇయ్యాల సూడున్రి, అప్పటికీ బురదనే ఉంటె పొండ్రి అన్న."

మూడున్నర దాటింది. లేస్తుందేమో అనుకున్నాను, లేవలేదు. పుస్తకం తీసి నా ఒడిలో పెట్టింది. పెన్ను దాని మీద పెట్టింది.

"నాలుగు వందల పదిహేడు సారవ్వ తీసిందట గద. ఆయన చెప్పేటోడు" అంది. "మూడు రోజుల సంది గూడు ముందటికి పోతున్న, వస్తున్న. చెయ్యి లేస్తలేదవ్వా. నువ్వు రా. ముందుగాల పుస్తకం పట్టు. నేను తక్కువ రాసిన కాడల్లా ఒకటి కలుపు. సున్న ఉన్న కాడ ఒకటి, పద్నాలుగున్న కాడ పదిహేను. ఒక్కటి గూడ ఇడవకు. అన్ని అయినంక ఆ ల్యాప్‌టాప్ మూత నువ్వే ముయ్యి."